గురునాథరావు కట్టిన ఎర్ర ట్యాంకు

గోపాలపట్నంలో గురునాథరావు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ డోరు నంబరు చెప్పరు. "మేడ మీద నీళ్ల ట్యాంకుకి ఓడ గొలుసులు కట్టుంటాయి, అదే" అంటారు. తుఫానొచ్చి ఊరందరి ట్యాంకులూ ఎగిరిపోయినా తనది మాత్రం ఎగరకూడదని ఆయన పట్టుదల. ఎగరలేదు కూడా. గొలుసుల్లేని పక్కింటివాళ్లదీ ఎగరలేదు గానీ, ఆ మాట ఆయన దగ్గర ఎత్తకూడదు.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఓడ మీద ఒకదాని మీదొకటి పేర్చిన కంటైనర్లు నడిసముద్రంలో ఒరిగిపోకుండా ఇనపకడ్డీలు తగిలించి, మరలు తిప్పి బిగించే పనిని పోర్టులో లాషింగ్ అంటారు. ఆ పని చేసే ముఠాకి ఆయన సూపర్‌వైజరు. ఆనందపురం అవతల పల్లెలో గడ్డిమోపులు కట్టిన చేతులతోనే వచ్చి కూలీగా చేరాడు. బిగింపులో పేరు తెచ్చుకుని పైకొచ్చాడు. "నాను కట్టిన బాక్సు నీళ్లలో పడ్డాదని ఇన్నాళ్లలో ఏ దేశమోడూ ఫోను సెయ్యనేదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఏ దేశంవాడి దగ్గరా ఆయన నంబరు లేదు.

పోర్టులో విప్పే ముఠా వేరే ఉండేది. బయటి నుంచి వచ్చిన ఓడల మీద బాక్సుల్ని వదులుచేసి దింపించడం వాళ్ల పని. వాళ్లంటే గురునాథరావుకి చిన్నచూపు. "ఇప్పడం ఏటుందిరా, కోతైనా సేత్తాది" అనేవాడు. తను కట్టిన ఓడ రేవు దాటాక ఎక్కడికి పోతుందో, అక్కడెవరు ఎన్ని తిట్లు తిట్టుకుంటూ ఆ మరలు వదులుచేస్తారో ఆయనకి తెలీదు. అడగాలని తోచనూ లేదు.

ఇంట్లో ఆ విప్పే ముఠా గౌరీశ్వరి, ఆయన భార్య. వీధి గదిలో ఆవిడ కర్రీ పాయింటు నడుపుతుంది. మొగుడు డ్యూటీకి బయల్దేరే ముందు గ్యాసుబండని కిటికీ ఊచకి కడతాడు, మిక్సీని గట్టుకి కడతాడు, పప్పు డేక్సా మూత దొర్లిపోతుందని దాన్ని చెవులకి కలిపి మెలేసి కడతాడు. అవతల కొనడానికొచ్చినవాళ్లు కవర్లు పట్టుకుని నిలబడి ఉంటే, ఆవిడ పళ్లతో ముడి లాగుతూ ఉంటుంది.

"ఏటండీ, పప్పేటి పారిపోతాదేటి?" అని ఓసారి అడిగింది.

"జాగర్తలో ఉండాల గౌరీ. జరిగినాక ఏడిస్తే లాభం నేదు."

"మీరు కట్టీసి ఎల్లిపోతారు. ఏడిసేది నాను."

ఇలాంటి మనిషి జీవితంలోకి మోటారు సైకిలు రావడానికి కారణం గౌరీశ్వరి తమ్ముడు చందు. చందు ఓ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి. వారమంతా కూర్చుంటాడు కాబట్టి ఆదివారం కొండలెక్కుతాడు. రోడ్డు లేని చోట బండి నడిపేవాళ్ల క్లబ్బులో సభ్యుడు. కొత్త బండి కొనుక్కున్నాక పాతది అమ్ముడుపోక, దాన్ని బావకి అంటగట్టాడు.

"బావా, నీ లాంటి గట్టోడు స్కూటీ మీద తిరుగుతన్నాడంటే మా క్లబ్బోళ్లు నవ్వుతన్నారు."

"మీ క్లబ్బోళ్లకి నానెవరో ఏటి తెలుసు?"

"తెలీదు గాబట్టే. ఒక్కసారి వత్తే తెలుస్తాది."

ఆ ఒక్క మాటకి గురునాథరావు పడిపోయాడు. బండి ఎత్తుగా, బక్కగా, మడ్‌గార్డులు పైకి లేపుకుని నీటికొంగలా ఉండేది. ఎక్కడానికి ఆయన అరుగు వెతుక్కోవాల్సి వచ్చేది. దిగడానికి కూడా.

క్లబ్బు అధ్యక్షుడు దుర్గారావు. కొండలు చదును చేసి ప్లాట్లు వేసి అమ్మడం ఆయన వ్యాపారం. ఆదివారాలు మాత్రం ప్రకృతి గురించి మాట్లాడతాడు. ఆయన బండి కొండ మొదలు దాకా వ్యానులో వస్తుంది, దుమ్ము పడకూడదని. మొదటి మీటింగులోనే ఆయన గురునాథరావు బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి పెదవి విరిచాడు.

"స్పేర్ ట్యాంకేదండీ?"

"అంటే?"

"అడవిలో పెట్రోలైపోతే? స్పేర్ ట్యాంకు లేని బండిని మేము బండి అనం."

నిజానికి వాళ్లు పోయే దారిలో ఆనందపురం దాటాక కూడా బంకులున్నాయి. వాళ్లు పోయొచ్చే దూరానికి మామూలు ట్యాంకులో సగం చాలు. కానీ సభ్యులందరి బండ్ల వెనకా తలో ఎర్ర డబ్బా ఉంది. ఏ డబ్బా మూతా ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు. లోపల పెట్రోలు ఉందో లేదో కూడా కొందరికి అనుమానమే.

గురునాథరావు కూడా ఎర్ర ట్యాంకు తెప్పించాడు. పుస్తకం మందాన, గట్టి ప్లాస్టిక్కుది, అయిదు లీటర్లు పడుతుంది. దాంతో పాటు కింద వెయ్యడానికో రబ్బరు పలక, బిగించడానికి రెండు బెల్టులు వచ్చాయి. బెల్టులు ఎలా వెయ్యాలో బొమ్మలతో వేసిన కాగితం కూడా ఉంది. ఆ బెల్టుల్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసి ఆయన నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

"గౌరీ, ఇలా రా. పెట్రోలు ట్యాంకు కట్టుకోమని లంగా నాడాలు పంపినాడు."

కాగితాన్ని ఆవిడ బజ్జీలు చుట్టడానికి తీసుకుంది.

మర్నాడు డ్యూటీ దిగగానే ఆయన తిన్నగా వన్‌టౌన్‌లో ఖయ్యూం దుకాణానికి వెళ్లాడు. ఖయ్యూంది తాతల నాటి రేకుపెట్టెల పని. పెళ్లికూతుళ్ల పెట్టెల కాలం పోయాక బండ్లకి కేరియర్లు, ఆటోలకి టాపులు చేస్తున్నాడు. తన చేతి పనంటే గురునాథరావుకి ఎంత గర్వమో ఆయనకీ అంతే. అలాంటి ఇద్దరు ఒక చోట చేరితే ఇనుముకే నష్టం.

"ఖయ్యూం భాయ్, ఈ ట్యాంకు ఎనక సీటు మీద కదలకుండా ఉండాల."

"కదలడమా? నా పెట్టె ఒకటి రైలు కింద పడింది సార్. రైలే ఆగింది."

"బండి రాళ్ల మీద ఎగురుతాది."

"బండి ఎగరనీండి. ట్యాంకు ఎగరదు."

మొదట ఖయ్యూం కింద ఓ ఇనప పలక వేశాడు. పలక చాలదని గురునాథరావు నాలుగు పక్కలా అంచులు లేపించాడు. అంచులు వంగిపోతాయేమోనని ఖయ్యూం మూలలకి దిమ్మలు అతికాడు. మూలలు సరే, నడుము మాటేమిటని గురునాథరావు పోర్టు తుక్కులో ఏరుకొచ్చిన చిన్న బిగింపు మరలు రెండు తీసి అడ్డంగా వేయించాడు. ఒకడు ఒకటి వేస్తే రెండోవాడికి చిన్నతనంగా ఉండేది. పనిముట్ల సంచీ ఊగుతోందని దాన్ని కూడా ట్యాంకు కిందే పలక మీద పరిచి, పైన ట్యాంకు పెట్టి బిగించారు. "బరువు కిందుంటే బండి నిలకడగా ఉంటాది" అన్నాడు గురునాథరావు. అందులో తప్పు లేదు.

ఆఖరికి మూత మిగిలింది.

"గతుకుల్లో మూత తిరిగి ఊడితే?" అన్నాడు గురునాథరావు.

ఖయ్యూం గడ్డం గోక్కున్నాడు. దుకాణం మూల నుంచి మందపాటి ఇనప పట్టీ ఒకటి లాగాడు. ముందు బంకుకి పోయి ట్యాంకు నిండా పోయించుకు రమ్మన్నాడు. వచ్చాక మూత మీంచి పట్టీ వేసి, ఈ పక్కో బోల్టు, ఆ పక్కో బోల్టు, ఒక్కో బోల్టుకి రెండేసి నట్లు వేసి, ఊపిరి బిగబట్టి బిగించాడు. ఆ బోల్టులు పాత ఓడలోవి, అంగుళాల లెక్కవి. అలాంటి నట్టు తిప్పే పానా ఖయ్యూం దగ్గరా, గురునాథరావు సంచీలోనూ తప్ప ఇప్పటి బండ్ల వాళ్లెవరి దగ్గరా ఉండదు.

"ఇప్పుడు చూడండి" అని ఖయ్యూం బండిని స్టాండు మీదుంచి ట్యాంకుని పట్టుకుని ఊపాడు. బండి మొత్తం ఊగింది, ట్యాంకు ఊగలేదు.

గురునాథరావు కళ్లు చెమర్చినంత పనైంది. ఓడల మీద ఎన్ని బిగించినా అవి కనుచూపు దాటిపోయేవి. ఈ బిగింపు మాత్రం తనతోనే ఉంటుంది.

ఇంటికొచ్చాక మూడు విషయాలు తేలాయి. ఆ ఇనుము బరువు లోపలి పెట్రోలు బరువుకి ఎన్నో రెట్లు. ఆ బరువుకి బండి వెనక్కి కూర్చుని ముందు చక్రం ఆకాశం చూస్తోంది. వెనక సీటు మీద పిల్లి కూడా కూర్చోలేదు. నాలుగోది గౌరీశ్వరి కనిపెట్టింది. మధ్యాహ్నం వేడికి ట్యాంకు కప్ప పొట్టలా ఉబ్బి, ఇనప పట్టీ కింద మూలుగుతోంది.

"వంకాయ కూర పెట్రోలు వాసనేస్తన్నాదని వీధి చివర టైలరు పేకెట్టు తిరిగిచ్చీసినాడు. ఆ బండి బయట పెట్టండి."

"బయట పెడితే ఎవడైనా ట్యాంకు ఎత్తుకుపోతాడు."

ఆవిడ ట్యాంకు వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఎత్తుకుపోతాడా?" అంది.

క్లబ్బు వాళ్ల తర్వాతి సవారీ అనంతగిరి వైపు కొండదారి. గురునాథరావు ఆ రోజు కోసం ఓ ఆలోచన చేశాడు. అందరి వెనకా ఎర్ర డబ్బాలున్నాయి గానీ దాన్ని నిజంగా వాడినవాడు ఒక్కడూ లేడు. తను వాడి చూపిస్తే? అందుకని బండి మామూలు ట్యాంకులో లెక్క చూసి కొంచెమే పోయించాడు. కొండ మధ్యలో, అందరూ చూస్తుండగా పెట్రోలైపోవాలి. తను నిదానంగా దిగాలి. ఎర్ర ట్యాంకు ముందుకు రావాలి. చందు ఫోనులో తియ్యాలి.

"బావా, సూపరు" అన్నాడు చందు. "వీడియోకి పాట కూడా ఎడతాను."

ఆనందపురం జంక్షన్‌లో టిఫిన్లు చేసి బయల్దేరారు. కొండ మొదట్లో దుర్గారావు బండి వ్యాను దిగింది. ఆయన ప్రకృతి మీద నాలుగు మాటలు చెప్పి, ఎదుటి కొండ ప్లాట్లకి భలే వాటంగా ఉందని కూడా అని, హెల్మెట్టు పెట్టుకున్నాడు. రాళ్లదారి మొదలైంది. అందరి డబ్బాలూ టపటపా కొట్టుకుంటున్నాయి. ఒకాయనది ఊడి లోయలోకి దొర్లిపోయింది. అందులో ఏమీ లేకపోవడం వల్ల అది చాలా తేలిగ్గా, సంగీతంగా దొర్లింది. గురునాథరావు ట్యాంకు చప్పుడు చెయ్యలేదు. ఆయన నడుమే విరిగినంత పనవుతోంది గానీ ట్యాంకు నడుము నిటారుగా ఉంది.

దారికడ్డంగా పారే గెడ్డ దాటారు. మోకాటి లోతు నీళ్లు, ఇసక, గులకరాళ్లు. అవతల ఒడ్డెక్కుతుండగా ఆయన బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా తను కోరుకున్న చోటే. వెనక పచ్చటి కొండ, పక్కన నీళ్లు. అందరూ ఆగి చుట్టూ చేరారు.

"పెట్రోలైపోయింది" అని గురునాథరావు సంతోషంగా ప్రకటించాడు.

చందు ఫోను పైకెత్తాడు. "బావా, రెడీ. సెప్పు."

గురునాథరావు గొంతు సవరించుకున్నాడు. ఫోను చూస్తే ఆయనకి నానూ నేదూ అన్నీ మాయమై పుస్తకంలోని తెలుగు వచ్చేసింది. "మిత్రులారా, అత్యవసర సమయంలో అదనపు ఇంధనాన్ని ఏ విధంగా వినియోగించుకోవాలో ఇప్పుడు మనం చూద్దాం. ముందుగా మూత పైనున్న పట్టీని తొలగించాలి. అందుకు పానా కావాలి. పానా..."

ఆగాడు.

"పానా?" అన్నాడు చందు.

"సంచీలో ఉంది."

"సంచీ?"

"ట్యాంకు కింద ఉంది."

సభ్యులు తమ సంచీలు విప్పారు. తలా ఓ పానా తీసిచ్చారు. ఒక్కటీ ఆ నట్లకి పట్టలేదు. ఒకటి వదులు, ఒకటి బిగువు, ఒకటి జారి గురునాథరావు వేలి చర్మం లేపింది. అడ్డంగా వేసిన మరల్ని తిప్పుదామని చూస్తే గెడ్డ ఇసక పళ్లలో దూరి కరకరమని బిగుసుకుపోయాయి. వాటిని తిప్పడానికి పోర్టులో మనిషెత్తు గొట్టం వాడతారు. ఒకాయన రాయితో కొట్టబోతే, లోపల పెట్రోలుందని గుర్తొచ్చి అందరూ నాలుగడుగులు వెనక్కేశారు. నలుగురు కలిసి ట్యాంకుని పట్టుకు లాగారు. బండి లేచి వచ్చింది.

"గట్టిగా కట్టేరండీ" అన్నాడు దుర్గారావు. అది మెచ్చుకోలో తిట్టో గురునాథరావుకి తెలీలేదు. చెమట కళ్లలో పడుతోంది. జీవితంలో మొదటిసారి, తను కట్టినదాన్ని ఎవడైనా విప్పితే బాగుండని ఆయనకి అనిపించింది. పోర్టులో విప్పే ముఠా మేస్త్రీ నూకాలు గుర్తొచ్చాడు. వాడు పక్కనుంటే ఏదో ఒకటి చేసేవాడు. కోతి అన్నందుకు మనసు చివుక్కుమంది.

"వీడియో ఆపరా" అన్నాడు నెమ్మదిగా.

"ఆపేసినాను బావా" అన్నాడు చందు. ఆపలేదు.

చివరికి బండిని తోసుకుంటూ ఎత్తెక్కారు. ముందొకడు, వెనక ఇద్దరు, పక్కన సలహాలిస్తూ మిగతావాళ్లు. కొండ మలుపు తిరిగితే పది గడపల ఊరు, ఊరి మొదట్లో పాక, పాకలో చిన్న కొట్టు. కొట్టు ముందు బల్ల మీద చిప్సు పేకెట్ల పక్కన, మంచినీళ్ల సీసాల్లో వరసగా పెట్రోలు. కొట్టు చిట్టమ్మ అనే ముసలావిడది. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ తలెత్తింది.

"పెట్రోలా బాబూ? ఎన్ని సీసాలు?"

దుర్గారావు బల్ల వైపు చూడకుండా కొండల వైపు చూశాడు. సభ్యులు తమ తమ ఎర్ర డబ్బాల మీద చేతులు వేసి కనపడకుండా చెయ్యబోయారు.

"ఒకటి" అన్నాడు గురునాథరావు.

చిట్టమ్మ సీసా అందిస్తూ బండి వెనక చూసింది. "ఆ ఎర్రదాన్లో ఏటుంది?"

"పెట్రోలే."

"మరి నిండుగా ఉన్నట్టుంది గదా?"

గురునాథరావు సీసా మూత తిప్పడంలో మునిగిపోయాడు. చందు అందుకున్నాడు. "అది వాడుకోడానికి కాదు మామ్మా. సేఫ్టీకి."

"ఓహో" అంది ఆవిడ, ఏదో దేవుడి పటం సంగతి విన్నట్టు, గౌరవంగా.

సిగ్గుతో చచ్చి ఇంటికొచ్చిన గురునాథరావు రెండు రోజులు సెలవు పెట్టాడు. కానీ ఈ లోకం మనం అనుకున్నంత తెలివైంది కాదు. చందు వీడియో పెట్టాడు. నలుగురు లాగితే బండి లేచినా ట్యాంకు ఊడని ముక్క ఒక్కటే కత్తిరించి, వీరావేశం పాట జోడించి పెట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. ఇదీ బిగింపంటే అన్నారు. ఎక్కడ చేయించారని అడిగారు. వారం తిరక్కుండా ఖయ్యూం దుకాణం ముందు ఎర్ర డబ్బాల వాళ్లు బారులు తీరారు. ఈ బిగింపుకి క్లబ్బులో 'గురునాథ్ మౌంట్' అని పేరు పడింది. పాత ఓడ బోల్టులే కావాలని పట్టుబట్టారు.

దుర్గారావు మీటింగు పెట్టి గురునాథరావుకి శాలువా కప్పి, భద్రతా సలహాదారుగా ప్రకటించాడు. గురునాథరావుకి సిగ్గు పోయింది. శాలువా కింద సిగ్గు ఎంతసేపని ఉంటుంది? లేచి మాట్లాడాడు కూడా. స్టీల్ ప్లాంటులో పనిచేసే ఓ కొత్త సభ్యుడు చెయ్యెత్తాడు.

"సార్, మరి అవసరం పడితే విప్పడం ఎలాగండీ?"

సభలో గుసగుసలు. గురునాథరావు ఓ క్షణం మనసులో మళ్లీ గెడ్డ ఒడ్డున నిలబడ్డాడు. తర్వాత తేరుకుని, "ముందు ఆ అవసరం నిజంగా అవసరమా అని ఆలోచించుకోవాలి" అన్నాడు. చప్పట్లు మోగాయి. కొందరు ఆ మాట రాసుకున్నారు.

చప్పట్లు కొట్టనిది ఒక్క గౌరీశ్వరి. ఇంటికి తెచ్చిన శాలువా చూసి, "బాగుంది, పోపులడబ్బా మీద కప్పుతాను. రేపటికి ఆ ట్యాంకు ఇంట్లో ఉండకూడదు" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. అలా పెంచనప్పుడు మాట వినాలని ఆయనకి అనుభవం.

ఖయ్యూం దగ్గరికి వెళ్తే ఆయన నొచ్చుకున్నాడు. "నేను చేసిన పని విప్పమని ఇంతవరకూ ఎవరూ రాలేదు సార్. నాకు విప్పడం అలవాటు లేదు."

"నాకూ అంతే భాయ్."

ఇద్దరూ చావింట్లోలా ట్యాంకు ముందు కూలబడ్డారు. ఆఖరికి గురునాథరావు నూకాలుకి ఫోను చేశాడు. నూకాలు వచ్చి, తుప్పు పట్టిన నట్ల మీద నూనె చుక్కలు వేసి, బీడీ వెలిగించబోయి, ఇద్దరూ కేకలేస్తే జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పానా వేసి బిగదీసి తిప్పితే అది జారి తన బొటనవేలే నలిగింది. "ఎవడ్రా ఇది కట్టినోడు, ఆడి సేతులు పడిపోనూ" అన్నాడు అలవాటు కొద్దీ. పోర్టులో రోజూ అనే మాటే. గురునాథరావు నూనె సీసా అందించాడు. ముగ్గురూ కలిసి సాయంత్రానికి ఎలాగో ఊడదీశారు. అడుగున సంచీ గెడ్డ నీళ్లకి నాని, పానాలన్నీ ఒకే ముద్దగా తుప్పు పట్టి ఉన్నాయి.

ఇనుమంతా దిగాక బండి తేలికపడి, ముందు చక్రం నేలకి దిగింది. ఇంటి ముందు ఆపితే గౌరీశ్వరి బయటికొచ్చి ఖాళీ సీటు మీద చెయ్యి వేసి చూసింది.

"ఇక్కడ మనిసి కూకోవచ్చేటి?"

"కూకోవచ్చు. దానికే గదా సీటు."

"అయితే తెల్లారి యారాడ ఎల్దాం. అక్కడ పడవల దగ్గిర సేపలు సౌక. పులుసు పెడితే సాయంత్రానికి అయిపోతాది."

యారాడ కొండెక్కేటప్పుడు ఆయన నెమ్మదిగా నడిపాడు. ఆవిడ వెనక నుంచి "బేగి పోనివ్వండి, పడవలొచ్చీసుంటాయి" అంటూనే ఉంది. కొండ మీద ఓ మలుపులో రేవు మొత్తం కనపడింది. క్రేన్లు, బాక్సులు, మెల్లగా బయటికి కదులుతున్న ఓ ఓడ.

"అది మీరు కట్టిందేనా?"

"మొన్న డ్యూటీలో."

"ఎక్కడికెళ్తాది?"

గురునాథరావు మలుపులో బండి ఆపాడు. "రేపు నూకాల్ని అడుగుతాను" అన్నాడు.

కింద ఇసకలోకి దింపగానే బండి చక్రం సగం దాకా కూరుకుపోయింది. రోడ్డు లేని చోట నడిచే బండి అని చందు చెప్పింది ఇసకకి వర్తించదు కాబోలు. వలలు దులుపుకుంటున్న ముగ్గురు జాలర్లు నవ్వుకుంటూ వచ్చి పైకి లేపారు. గౌరీశ్వరి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బేరం చెయ్యడానికి ముందు నడిచింది. తిరిగొచ్చేటప్పుడు చేపల బుట్టని దేనికీ కట్టనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కొండ దిగే దాకా ఆయన వీపు మీద చేపల నీళ్లు కారుతూనే ఉన్నాయి.